ఆల్కహాల్‌కు ఈస్ట్ ఆగిపోతుందా, చచ్చిపోతుందా: నా ప్రయోగాల డైరీ

మొదటి వారం

ఆక్సిజన్ అందనప్పుడు ఈస్ట్ గ్లూకోజ్‌ను ఆల్కహాల్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా విడగొట్టి బతుకుతుంది. ఒక్కో గ్లూకోజ్ అణువుకు దానికి మిగిలేది రెండే ఏటీపీలు (కణం తన పనులకు శక్తి కోసం ఖర్చు పెట్టే అణువులు). అలా తయారైన ఆల్కహాలే పోగుపడి చివరికి ఆ పనికి అడ్డు పడుతుంది. ఎంత దగ్గర అడ్డు పడుతుందో నేనే కొలిచి చూడాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

ఒక్కో ఫ్లాస్క్‌లో 100 మి.లీ. ద్రావణం, అందులో 5 గ్రాముల గ్లూకోజ్, 1 గ్రాము డ్రై ఈస్ట్. ఒక ఫ్లాస్క్‌లో ఆల్కహాల్ వేయలేదు, మిగతావాటిలో 4, 8, 12, 16 శాతం చొప్పున కలిపాను. బిరడాలోంచి ఒక గొట్టం, ఆ గొట్టం కొస నీళ్లలో బోర్లించిన కొలజాడీ కింద. ఫ్లాస్క్‌లన్నీ 32 డిగ్రీల నీళ్ల తొట్టెలో ఉంచాను. ఆల్కహాల్ అంటుకుంటుంది కాబట్టి దగ్గరలో మంట అసలు పెట్టలేదు, వేడినీళ్లు కలుపుతూనే వేడి నిలబెట్టాను.

మొదటి రోజే లెక్క తేడా కొట్టింది. 4 శాతం ఫ్లాస్క్‌లో కూడా గ్యాస్ దాదాపు రాలేదు. తప్పు నాదే. ఈస్ట్ కలిపిన నీళ్లలోకి 96 శాతం ఆల్కహాల్‌ను నేరుగా పోశాను. అది కలిసేలోపే, పడిన చోట ఉన్న కణాలు దెబ్బతిన్నాయి. ఇప్పుడు ముందు గ్లూకోజ్ నీళ్లలో ఆల్కహాల్ కలిపి, అది చల్లబడ్డాక 90 మి.లీ.కి సరిచేసి, ఆఖరున 10 మి.లీ. ఈస్ట్ నీళ్లు పోస్తున్నాను. 8 శాతం కావాలంటే 96 శాతం ఆల్కహాల్ 8.3 మి.లీ. సరిపోతుంది. చేతులకు రాసుకునే శానిటైజర్ ఇందుకు పనికిరాదు, అందులో వేరే పదార్థాలు ఉంటాయి.

రెండో వారం

కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో బాగా కరుగుతుంది. నెమ్మదిగా పనిచేసే ఫ్లాస్క్‌లో పుట్టిన కాస్త గ్యాస్ కూడా అందులోనే కరిగిపోయి, కొలజాడీ దాకా రావడం లేదు. దీనికి దారి దొరికేసరికి ఎంత సంతోషం వేసిందో! పక్కన ఇంకో పెద్ద సీసాలో ఈస్ట్, చక్కెర కలిపి, దాని గ్యాస్‌ను అరగంటపాటు ద్రావణాల్లోకి బుడగలుగా పంపాను. కరగాల్సిన గ్యాస్ ముందే కరిగింది, ఉన్న ఆక్సిజన్ కూడా చాలావరకు బయటికి పోయింది. కొలజాడీ కింద మామూలు నీళ్లకు బదులు ఉప్పు బాగా కలిపిన నీళ్లు పెట్టాను, వాటిలో ఈ గ్యాస్ తక్కువ కరుగుతుంది.

మూడుసార్లు చేశాక పది నిమిషాలకు సగటు గ్యాస్ ఇలా వచ్చింది: ఆల్కహాల్ లేనిదాంట్లో 38 మి.లీ., 4 శాతంలో 31, 8 శాతంలో 19, 12 శాతంలో 7. 16 శాతంలో ఒకటి రెండు బుడగలే.

ఆల్కహాల్ కణత్వచంలోని కొవ్వు పొరలోకి చొరబడి దాన్ని వదులు చేస్తుంది. అప్పుడు బయటి హైడ్రోజన్ అయాన్లు లోపలికి కారతాయి, వాటిని తిరిగి బయటికి తోయడానికి కణం ఏటీపీ ఖర్చు పెట్టాలి. గ్లూకోజ్‌ను లోపలికి తెచ్చే ప్రొటీన్లు కూడా మందగిస్తాయి. వచ్చేవే రెండు ఏటీపీలు అయినప్పుడు ఈ ఖర్చు ఎంత భారమో ఈ అంకెలు చూశాకే నాకు నిజంగా అర్థమైంది.

38 డిగ్రీల దగ్గర కూడా ఒకసారి చూశాను. 8 శాతం దెబ్బ ఇంకా గట్టిగా తగిలింది.

మూడో వారం

ఇంతకీ ఆ ఈస్ట్ ఆగిందా, చచ్చిందా? ఆల్కహాల్‌లో గంటసేపు ఉంచిన ఈస్ట్‌కు వెంటనే పది రెట్లు చల్లటి నీళ్లు కలిపి, ఫ్రిజ్‌లో అడుగుకు చేరనిచ్చి, పైనీళ్లు వంపేశాను. ఇలా రెండుసార్లు కడిగాను. ఆల్కహాల్ తగలని ఈస్ట్‌ను కూడా ఇలాగే కడిగాను, లేకపోతే పోల్చడానికి వీలుండదు. తర్వాత అన్నిటికీ కొత్త గ్లూకోజ్ నీళ్లు పోశాను.

ఆల్కహాల్ తగలనిది 35 మి.లీ. ఇచ్చింది. 8 శాతంలో ఉన్నది 32 దాకా తేరుకుంది! 16 శాతంలో ఉన్నది 5 దాటలేదు.

మిథిలీన్ బ్లూ అనే నీలం రంగు చుక్క వేసి మైక్రోస్కోప్ కింద చూశాను. బతికున్న కణం ఆ రంగును విరిచేసి తెల్లగా ఉంటుంది, చచ్చినది నీలంగా మారుతుంది. 8 శాతం స్లైడ్‌లో అక్కడక్కడే నీలం కనిపించింది. 16 శాతం స్లైడ్‌లో తెల్ల కణం కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. 12 శాతం స్లైడ్ ఇంకా చూడలేదు, రేపు చూడాలి.