వరద కాలవ గోడ మీద జూడీ బాకా చరిత్ర

లాస్ ఏంజెలెస్‌లో మా అక్క వాళ్ళింటికి వెళ్ళేముందే చెప్పేశా, హాలీవుడ్ సంగతి తర్వాత, ముందు నాకు అక్కడి గ్రేట్ వాల్ ఆఫ్ లాస్ ఏంజెలెస్ చూపించాలి అని. శాన్ ఫెర్నాండో వ్యాలీలో టుహంగా వాష్ అనే వరద కాలవ, ఒకప్పుడు మామూలు ఏరే, వరదలకి భయపడి కాంక్రీటు పోసేశారు, ఆ గోడ మీదే 2,754 అడుగుల పొడవున బొమ్మలు. ఫెన్స్ ఇవతల గట్టు మీద నడుస్తూ చూడాలి.

వేయించింది జూడీ బాకా, 1946లో పుట్టిన చికానా, అంటే మెక్సికన్ మూలాలున్న అమెరికన్ చిత్రకారిణి. వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించినందుకు టీచర్ ఉద్యోగం పోయింది, అయినా పాఠం చెప్పడం మానలేదు. 1976 నుంచి 83 దాకా కొన్ని వేసవుల్లో 400 మందికి పైగా పిల్లల్ని, అందులో పోలీసు కేసుల్లో ఇరుక్కున్నవాళ్ళూ ఉన్నారు, ఇక్కడికి తెచ్చి, చరిత్రకారులతో మాట్లాడించి, ఆ తర్వాతే బ్రష్ చేతికిచ్చింది. నాకు బొమ్మల కన్నా ఇదే గొప్పగా అనిపిస్తుంది, ఎవరి తాతల కథని వాళ్ళ చేతే గోడకెక్కించడం.

మొదట్లో చుమాష్ ఆదివాసీలు, అలా నడుస్తూ పోతే 1930ల్లో మెక్సికన్ కుటుంబాల్ని దేశం నుంచి పంపించేసిన ఘట్టం వచ్చింది. "వీళ్ళలో ఇక్కడ పుట్టినవాళ్ళు కూడా ఉన్నారా పిన్నీ?" అంది అక్క కూతురు, తనూ ఇక్కడే పుట్టింది. చాలామంది ఉన్నారమ్మా అన్నా, తర్వాత ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు.

నన్ను బాగా కదిలించింది చావెజ్ రవీన్ అనే చోటి బొమ్మ. ఫ్రీవే స్తంభాలు పాముల్లా మెలికలు తిరిగి ఒక కుటుంబాన్ని చుట్టేసి విడదీస్తుంటాయి, పైన డాడ్జర్ బేస్‌బాల్ స్టేడియం ఎగిరే పళ్ళెంలా దిగుతుంటుంది, అక్కడున్న మెక్సికన్ బస్తీని ఖాళీ చేయించాకే కదా 1962లో ఆ స్టేడియం తెరిచారు. ప్రాజెక్టుల కింద ఊళ్ళు పోగొట్టుకున్న మనవాళ్ళకి ఈ బొమ్మ ఎవరూ వివరించక్కర్లేదు. మన మునిగిన ఊళ్ళ కథలు కూడా అక్కడి పిల్లల చేతే ఏదైనా పెద్ద గోడ మీద వేయిస్తే ఎంత బావుంటుందో అని అప్పట్నుంచీ అనుకుంటూనే ఉన్నా.

గోడ మీద కథ 1950లు, 60ల దగ్గర ఆగింది, ఆ తర్వాతి దశకాల్ని ఇప్పుడు కలుపుతున్నారు, కొన్ని భాగాలు 2023లో లాక్మా మ్యూజియంలో జనం చూస్తుండగానే వేశారు కూడా. టికెట్ ఏమీ లేదు, అటు వెళ్ళేవాళ్ళు పొద్దున్నే వెళ్ళండి, ఎండ గట్టిగా ఉంటుంది, పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్ళండి.