ప్రొస్టేట్ ముక్కల్లో నీలి చుక్కలు

ఈరోజు ల్యాబ్‌లో ఎక్కువసేపు పట్టింది ప్రొస్టేట్ (మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి) ముక్కలకే. మూత్రనాళం గుండా గోకి తీసిన టీయూఆర్‌పీ ముక్కలవి. ముందు తూకం వేయాలి. 12 గ్రాముల లోపయితే అన్నీ కేసెట్లలోకి, అంటే స్లైడ్ తయారీ కోసం ముక్కలు పెట్టే చిన్న ప్లాస్టిక్ పెట్టెల్లోకి పోవాలి. ఆపైన ప్రతి 5 గ్రాములకూ ఇంకో కేసెట్. నాలుగు ముక్కలతో సరిపెడితే ఎక్కడో నక్కిన క్యాన్సర్ తప్పిపోతుంది.

స్లైడ్‌లో ఉబ్బిన గ్రంథుల చుట్టూ ముదురు నీలం చుక్కలు గుంపులుగా కనిపిస్తాయి. అవి లింఫోసైట్లు అనే రోగనిరోధక కణాలు, వాటిలో ఎక్కువగా టీ కణాలనే రకం; పక్కనే చెత్తను మింగే మాక్రోఫేజ్ కణాలు. రిపోర్టులో వీటిని 'దీర్ఘకాలిక ప్రొస్టటైటిస్' (ప్రొస్టేట్ వాపు, అంటే ఇన్‌ఫ్లమేషన్) అని ఒక్క మాటలో తేల్చేయడం నాకు నచ్చదు. వాపు గ్రంథి లోపలా, చుట్టూనా, గ్రంథుల మధ్య ఉండే ఆధార కణజాలం స్ట్రోమాలోనా? ఎంత మేర, ఎంత తీవ్రంగా? ఇవన్నీ రాయాలి. ఆ కణాలు ఊరికే ఉండవు మరి. అవి ఉన్నచోట ఐఎల్-8 అనే వాపు సంకేత ప్రోటీన్ పెరుగుతుంది, అది ఎఫ్‌జీఎఫ్-2 అనే పెరుగుదల ప్రోటీన్‌ను రెచ్చగొడుతుంది, దాంతో స్ట్రోమా కణాలు పెరుగుతాయి. డ్యూటాస్టరైడ్ అనే ప్రొస్టేట్ మందుపై జరిగిన రెడ్యూస్ ట్రయల్‌లో మొదటి బయాప్సీల్లోనే ముప్పావు వంతుకు పైగా మగవాళ్లలో దీర్ఘకాలిక వాపు కనిపించింది.

మరి ఇది మన రోగనిరోధక వ్యవస్థ మన గ్రంథి మీదే చేస్తున్న దాడా? ప్రొస్టేట్ ప్రోటీన్లు ఎక్కించి ఎలుకల్లో అలాంటి వాపు తెప్పించగలిగారు. 2022లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో వచ్చిన అమెరికా అధ్యయనం ప్రకారం, రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం) వంటి ఆటోఇమ్యూన్ జబ్బులు, అంటే సొంత శరీరం మీదే దాడి జరిగే జబ్బులున్నవాళ్లలో ప్రొస్టేట్ పెరుగుదల ఎక్కువ. వాపును పెంచే టీఎన్ఎఫ్ అనే ప్రోటీన్‌ను అడ్డుకునే మందులు వాడినవాళ్లలో తక్కువ. నాకు ఈ వాదనలో బలం కనిపిస్తోంది. అయినా ఇది సంబంధమే తప్ప కారణానికి రుజువు కాదు. ప్రొస్టేట్ పెరగడంలో వయసు, డీహెచ్‌టీ అనే పురుష హార్మోను పాత్ర అలాగే ఉంది.

కాబట్టి ప్రొస్టేట్ కోసమని టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే మందులు అడగకూడదు. అవి లోపల నిద్రపోతున్న టీబీని లేపుతాయి; మన దగ్గర అది చిన్న ప్రమాదం కాదు. కీళ్లవాతం ఉండి యాభై దాటినవాళ్లను మాత్రం మూత్రధార సన్నబడిందా, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు అని తప్పక అడగాలి. నొప్పికిచ్చే అమిట్రిప్టిలిన్, సూడోఎఫెడ్రిన్ కలిసిన జలుబు మాత్రలు మూత్రం బయటికి రాకుండా పూర్తిగా బిగుసుకుపోయేలా చేయగలవు.

ప్రొస్టేట్ క్యాన్సర్ అనుమానానికి రక్తంలో చూసే పీఎస్ఏ ప్రోటీన్ విషయం ఇంకొకటి. వాపు ఒక్కటే ఉన్నా అది పెరుగుతుంది. ప్రొస్టేట్‌ను కుదించే ఫినాస్టరైడ్ గానీ డ్యూటాస్టరైడ్ గానీ ఆరు నెలలు దాటి వాడుతుంటే దాదాపు సగానికి పడిపోతుంది. అప్పుడు వచ్చిన అంకెను రెట్టింపు చేసి చూడాలి. ఆ మాత్ర సంగతి రక్తపరీక్ష చీటీ మీద రాసి పంపాలి.