అమ్మమ్మ పొడుపు కథలకి సైట్ కడుతూ నేర్చుకున్న సీఎస్‌ఎస్

అమ్మమ్మ చెప్పిన పొడుపు కథలన్నీ ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాసి పెట్టుకున్నా, అరవై పైనే ఉంటాయి. మొన్న సంక్రాంతికి అందరం కలిసినప్పుడు పిన్ని పిల్లలు "అక్కా, ఇవి ఫోన్‌లో చూసుకునేలా పెట్టవా" అన్నారు, అదిగో అలా మొదలైంది. రెడీమేడ్ టెంప్లేట్లు బోలెడున్నాయి గానీ ఇది మాత్రం నా చేత్తో నేనే కట్టాలనిపించింది, రోజూ రాత్రి అన్నాలయ్యాక గంట గంటన్నర కూర్చుని నేర్చుకున్నా.

హెచ్‌టీఎంఎల్ తొందరగానే వచ్చేసింది. ఇది హెడ్డింగు, ఇది పేరా, ఇది లింకు అని బ్రౌజర్‌కి చెప్పడమే కదా. జవాబు దాచి పెట్టడానికి డీటెయిల్స్, సమ్మరీ అని రెండు ట్యాగులు, అంటే బ్రౌజర్‌కి చెప్పే గుర్తులు, ఉన్నాయి, ప్రశ్న మీద నొక్కితే కింద జవాబు తెరుచుకుంటుంది, పేజీలో పనులు చేయించే ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్ ఒక్క లైను కూడా అక్కర్లేదు. ఇది తెలిసిన రోజు నాకు ఎంత సంతోషమేసిందో.

అసలు పని స్టైల్ షీట్‌తో, అంటే పేజీకి రంగూ రూపూ ఇచ్చే సీఎస్‌ఎస్ (క్యాస్కేడింగ్ స్టైల్ షీట్స్) ఫైల్‌తో. పక్కపక్కన రెండు కార్డులు పెడదామని 600 పిక్సెల్స్ డబ్బాలో 300, 300 వెడల్పు ఇచ్చా. రెండోది కిందకి జారిపోయింది. లెక్క సరిగ్గానే ఉందిగా అని మూడు సార్లు చూసుకున్నా. తర్వాత అర్థమైంది, ఒక్కో కార్డుకి రెండు వైపులా 20 చొప్పున పాడింగ్ (లోపల వదిలే ఖాళీ), 1 చొప్పున బోర్డర్ (చుట్టూ గీత) ఇచ్చా, అవన్నీ ఆ 300 పైన కలుస్తాయి, అంటే కార్డు అసలు వెడల్పు 342. బాక్స్-సైజింగ్ దగ్గర బోర్డర్-బాక్స్ అని రాస్తే ఇవన్నీ 300 లోపలే సర్దుకుంటాయి. ఇప్పుడు ఏ స్టైల్ షీట్ మొదలుపెట్టినా ముందు ఆ లైను రాశాకే మిగతాది.

ఈ బాక్స్ సంగతి నేను మా ఊరి ఇళ్ళని తలుచుకుని గుర్తు పెట్టుకున్నా. ఇల్లు అంటే మన మేటరు, ఇంటికీ ప్రహరీకీ మధ్య వాకిలి పాడింగ్, ప్రహరీ గోడ బోర్డర్, గోడ అవతల పక్కింటి దాకా వదిలే సందు మార్జిన్. ఒక్క తేడా ఉంది, ఒకదాని కింద ఒకటి ఉన్న రెండు పేరాల్లో పైదానికి 30, కిందదానికి 20 మార్జిన్ ఇస్తే మధ్యలో 50 రాదు, పెద్దది ఏదో అదే, 30 మాత్రమే మిగులుతుంది. పక్కపక్కన ఉన్నవాటికి ఇలా జరగదు. ఇది ఎవరూ ముందు చెప్పకపోతే ఒక సాయంత్రం మొత్తం దీనికే పోతుంది.

ఇక నేను అందరికీ గట్టిగా చెప్పాలనుకున్నది తెలుగు అక్షరాల గురించి. అమ్మమ్మ పొడుపు కథ ఒకటుంది, "తెల్లని చేలో నల్లని విత్తనాలు, చేత్తో చల్లి నోటితో ఏరుతారు". జవాబు అక్షరాలు. ఈ పొడుపు కథే నా పేజీలో "తెలని చేలో నలని వితనాలు" అని కనపడింది! చల్లి కాస్తా చలి అయిపోయింది. కోడ్‌లో స్పెల్లింగ్ అంతా కరెక్టే, కాపీ చేసి వేరే చోట పేస్ట్ చేస్తే వత్తులన్నీ ఉన్నాయి. చివరికి తేలిందేంటంటే, ట్యుటోరియల్‌లో చెప్పినట్టు లైన్-హైట్, అంటే ఒక్కో వరుసకి ఇచ్చే ఎత్తు, 1.2 పెట్టి, డబ్బాకి ఎత్తు ఇంతే అని బిగించి, బయటికి వచ్చేది దాచెయ్ అని ఓవర్‌ఫ్లో హిడెన్ రాశా, దాంతో కింద వేలాడే ల వత్తూ త వత్తూ గీసినట్టు తెగిపోయాయి. ఆ అంకెలు ఇంగ్లీషు అక్షరాలకి సరిపోతాయి, మనకి పైన గుడి ఉంటుంది, కింద వత్తులుంటాయి, స్త్రీ లాంటి అక్షరమైతే ఇంకా కిందకి దిగుతుంది. లైన్-హైట్ 1.8 చేసి, బిగించిన ఎత్తు తీసేసి కనీసం ఇంత ఎత్తు ఉండాలని చెప్పే మిన్-హైట్ పెట్టా, పొడుపు కథ మళ్ళీ పొడుపు కథలా కనపడింది.

ఫాంట్లు సిలికానాంధ్ర వాళ్ళు ఉచితంగా విడుదల చేసినవి వాడా, చదివే మేటరుకి మండలి, హెడ్డింగులకి రామభద్ర. రామభద్ర లావుగా, సినిమా పోస్టర్ మీద అక్షరాల్లా నిండుగా ఉంటుంది, చిన్న సైజులో మాత్రం వద్దు. ఫాంట్ మార్చినప్పుడల్లా వత్తులు ఇంకోసారి చూసుకోవాలి. ఇటాలిక్ కూడా మనకి నప్పదు, బ్రౌజర్ అక్షరాన్ని ఊరికే పక్కకి వంచేస్తుంది అంతే, జవాబుల్ని వేరుగా చూపించాలంటే రంగు మారిస్తే చాలు.

పిన్ని లాప్‌టాప్‌లో ఇంకో సంగతి బయటపడింది. ఆవిడకి చూపు ఆనక బ్రౌజర్ సెట్టింగ్స్‌లో అక్షరాలు పెద్దవి చేసుకుంది, నా పేజీ మాత్రం మారలేదు, ఎందుకంటే నేను సైజులన్నీ పిక్సెల్స్‌లో రాశా. బ్రౌజర్ సెట్టింగ్‌లో ఉన్న అక్షరం సైజుకి ఇన్ని రెట్లు అని చెప్పే రెమ్ అనే కొలతలోకి మార్చాక ఆవిడ సెట్టింగుకి తగ్గట్టు పెరిగాయి. 1994లో హోకన్ వియుం లీ అనే ఆయన యూరప్‌లోని సెర్న్ పరిశోధన సంస్థలో ఉండగా ఈ స్టైల్ షీట్ల ప్రతిపాదన పెట్టినప్పుడే రాసేవాళ్ళ ఇష్టం, చదివేవాళ్ళ ఇష్టం రెండూ కలిసి పేజీ రూపం తేలాలన్నది అందులో ఉందట, క్యాస్కేడ్ అన్న మాట అక్కడిదే. మొదటి వెర్షన్ 1996 డిసెంబరులో వచ్చింది. పిక్సెల్స్ రాసి పిన్ని మాట నేను పక్కన పెట్టేశాను కదా అనిపించింది, అప్పట్నుంచి అక్షరాల సైజుకి పిక్సెల్ వాడట్లేదు.

నెట్‌లో పెట్టిన రోజు పేజీ రంగూ రూపూ లేకుండా బోసిగా వచ్చింది. నా విండోస్ లాప్‌టాప్‌లో బాగానే ఉందే అని కంగారు పడ్డా. స్టైల్ షీట్ ఫైల్ పేరులో మొదటి ఇంగ్లీషు అక్షరం పెద్దది (క్యాపిటల్), లింకులో చిన్నది, విండోస్ పట్టించుకోదు గానీ సైట్ ఫైళ్ళు ఉండే ఆ సర్వర్ కంప్యూటర్ రెండిటినీ వేరే ఫైళ్ళుగా చూస్తుంది. అన్నీ చిన్న అక్షరాలే పెట్టేశా. ఫోన్‌లో చీమల్లా కనపడితే పేజీని ఫోన్ తెర వెడల్పుకి సర్దుకోమని చెప్పే వ్యూపోర్ట్ లైను మర్చిపోయానని తెలిసింది, అదీ చేర్చా.

ఇప్పటికి 40 ఎక్కించా. రాత్రి పిన్ని కూతురు ఫోన్ అమ్మమ్మ చేతిలో పెడితే, "కిటకిట తలుపులు కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు" అన్నది పైకి చదివి, కింద నొక్కకుండానే "కనురెప్పలు" అనేసిందట.