అమరోనే సీసా, అనంతపురం ఎండ

ఇటలీలోని వెరోనాలో రెండేళ్ల చదువు ముగించుకుని మే నెలలో అనంతపురం వస్తూ ఒక్క సీసా తెచ్చాను. కస్టమ్స్‌లో ఇబ్బందేం లేదు, మనిషికి 2 లీటర్ల దాకా సుంకం కట్టక్కర్లేదు. తిప్పలన్నీ ఇంటికొచ్చాకే.

సీసాలో ఉన్నది అమరోనే. వెరోనాకు ఉత్తరాన వాల్పోలిచెల్లా కొండల్లో చేసే చిక్కటి ఎర్ర వైన్. మన ‘వైన్స్’ షాపుల్లో సామాన్యంగా దొరకనిది వైన్ ఒక్కటే కాబట్టి మామ దాన్ని కొత్త రకం బ్రాందీ అనుకున్నాడు. 15 శాతం పైనే ఆల్కహాల్. 16-18 డిగ్రీల చల్లదనంలో తాగాలి. మా ఇంట్లో 41. ఆ వేడిలో పోస్తే సారా ఘాటు తప్ప ఇంకేం తెలీదు. మరీ చల్లబరిస్తే వగరెక్కి నాలుక పట్టేస్తుంది. ఆ బాధ ఎటూ లేదు, ఫ్రిజ్‌లో పెరుగ్గిన్నె పక్కన సీసా పెట్టడానికి అమ్మ ఒప్పుకోలేదు. తడి గోనెపట్టా చుట్టి, కుండ కింది ఇసుకలో పాతిపెట్టాను. సాయంత్రానికి 18కి దిగలేదు గానీ చేతికి చల్లగా తగిలింది.

బిరడా తీసే మర ఇంట్లో లేదు. స్క్రూ ఎక్కించి కటింగ్ ప్లేయర్‌తో లాగితే సగం పైకొచ్చింది, సగం లోపల పడింది. టీ జాలీతో స్టీలు చెంబులోకి వడకట్టాను. ఇలాంటి వైన్‌కి కాసేపు గాలి తగలడం మంచిదే, అలా సర్దిచెప్పుకున్నాను.

మామ ద్రాక్షతోట చేసి నష్టపోయినవాడు. ఒక గుక్క తాగి, “ఎట్ల చేస్తార్రా దీన్ని?” అన్నాడు.

కొర్వినా, రొండినెల్లా రకాల గుత్తుల్ని సెప్టెంబరు, అక్టోబరుల్లో కోసి, గాలాడే అటకల మీద తడికల్లోనో పెట్టెల్లోనో పలచగా పరుస్తారని చెప్పాను. మూడు నాలుగు నెలలు అట్లే. బూజు పట్టినవి ఏరేస్తుంటారు. 100 కిలోలు 60, 70కి దిగాక గానీ పిండరు. ఆపైన కనీసం రెండేళ్లు మాగనిస్తారు, సామాన్యంగా పీపాల్లో.

“కోసిన కాయ మండీకి ఒక్కపూట లేటైతేనే తూకం పాయనని ఏడుస్తాం. వాళ్లు కావాలనే పోగొట్టుకుంటారా?”

“నీళ్లు పోయి తీపి మిగుల్తాది మామా.”

“మరి ఇది తియ్యగా లేదే?”

అసలు ప్రశ్న అదే. ఆ తీపిని ఈస్ట్ దాదాపు అంతా తినేసి ఆల్కహాల్ చేస్తుంది. మధ్యలో ఆపితే రెచోతో అనే తీపి వైన్. పాతకాలంలో చేసింది దాన్నే. మరిచిపోయిన ఒక పీపాలో తీపంతా పులిసిపోయి ఇది పుట్టిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఇటాలియన్‌లో అమారో అంటే చేదు. 2010 పంట నుంచి దీనికి ఇటలీ వైన్లకిచ్చే డి.ఓ.సి.జి. హోదా ఉంది, అక్కడ అంతకు మించిన గుర్తింపు లేదు.

నాటుకోడి పులుసు, సంగటితో తాగడం మాత్రం నా తప్పే. కారానికి ఆల్కహాల్ తోడై గొంతు మండింది. వేయించిన శెనక్కాయలతో బ్రహ్మాండంగా కుదిరింది.

మర్నాడు మామ బజారు నుంచి రెండు కిలోల ద్రాక్ష తెచ్చి, తూకమేసి, మిద్దె మెట్ల కింద నీడలో చాటలో పరిచాడు. అయిదో రోజు నన్ను పిలిచి ముడతలు చూపించాడు.

“నాలుగు నెలలంటివే. మన ఊర్లో వారం చాలు కదరా!”