నడుమ లావెక్కిన షాఫ్టు

రాయగడలో నాన్నగారు పెట్టిన వర్క్‌షాపులో ఇనుప కడ్డీని తిప్పుతూ చెక్కే పాత లేత్ ఒకటి ఉంది, దాని బెడ్, అంటే కింది ఇనుప పీఠం, నాలుగు మీటర్లు. చుట్టుపక్కల మిల్లుల రోలర్ షాఫ్టులన్నీ దాని మీదే చేస్తాం. నిరుడు వానలు వెలిశాక రెండు మీటర్ల షాఫ్టుకు చివరి కోత పెట్టి మైక్రోమీటర్‌తో చూస్తే రెండు కొసలూ సరిపోయాయి. నడుమ మాత్రం 0.11 మిల్లీమీటర్లు లావు.

లేత్ మీద పట్టిన పొడవాటి జాబ్, కోసే టూలు పెట్టే ఒత్తిడికి వంగి నడుమ లావుగా రావడం మామూలే. నడుమ ఆసరాగా స్టెడీ బిగించాను, కోత తగ్గించాను, టూలు మళ్లీ సాన పట్టాను. వారం గడిచినా లావు తగ్గలేదు. పార్వతీపురంలో ఉన్న మేనమామకు ఫోను చేశాను. జీవితమంతా ఫిట్టరు పని చేసిన మనిషి.

"హెడ్‌స్టాక్ బోల్టులు కదిపావా?" అన్నది ఆయన మొదటి ప్రశ్న. జాబ్‌ను పట్టి తిప్పే తల భాగం హెడ్‌స్టాక్.

"లేదు మామయ్యా."

"బతికించావు. కదపకు, రేపు వస్తున్నాను."

మెత్తటి గుడ్డలో చుట్టిన స్పిరిట్ లెవెల్ వెంట తెచ్చారు. అందులో ఒక్క గీత అంటే మీటరుకు 0.02 మిల్లీమీటర్ల వాలు. దాన్ని బెడ్‌కు అడ్డంగా పెట్టి, చదివి, తిప్పి పెట్టి మళ్లీ చదివారు. లెవెల్‌లోనే తప్పుంటే అలా బయటపడుతుంది. విజయనగరం–రాయపూర్ రైలు మార్గం మా గోడ వెనకే. గూడ్సు వస్తే బుడగ వణుకుతుంది, అది నిలిచేదాకా చేతులు కట్టుకుని కూర్చునేవాళ్లం.

హెడ్‌స్టాక్ దగ్గర బుడగ నడిమధ్యన ఉంది. బెడ్ మధ్యకు వచ్చేసరికి ఏడు గీతలు జరిగింది. అంటే మీటరుకు 0.14. మా లేత్ సెంటరు ఎత్తు, అంటే బెడ్ నుంచి జాబ్ నడి గీత దాకా, 400 మిల్లీమీటర్లు. ఆ ఎత్తులో టూలు జాబ్ నుంచి 0.056 వెనక్కి వాలుతుంది, వ్యాసంలో అది రెట్టింపై 0.112. కాగితం మీద ఆ లెక్క వేసి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. మైక్రోమీటర్ వారం రోజులుగా చెబుతున్నది అదే.

మధ్యలో ముందరి కాలు కింద సుత్తితో తడితే బోలుగా మోగింది. కోతను చల్లబరిచే కూలెంటు, నూనె ఏళ్ల తరబడి ఇంకి, కాళ్ల కింద పోసి గట్టిపరిచిన గ్రౌటు పొడి అయిపోయింది. కింద ఖాళీ ఏర్పడేసరికి బిగించి ఉన్న బోల్టే బెడ్‌ను కిందికి లాగేసింది.

అన్ని బోల్టులూ వదులు చేసి ఒక రాత్రి అలాగే ఉంచాం. పాత గ్రౌటు తవ్వి, నూనె మరక పోయేదాకా కడిగి కొత్తది పోసి, అది గట్టిపడేదాకా లేత్ ముట్టుకోలేదు. షాఫ్టు కోసం మిల్లు నుంచి రోజూ కబురు వచ్చేది. తొందరపడాలని నాకూ ఉండేది, మామయ్య ఒప్పుకోలేదు.

బిగింపు తెల్లవారుజామున మొదలుపెట్టాం. ఎండ షట్టరు దాటి బెడ్ మీద ఒక పక్క పడితే ఇనుము వంగి కొలత మారిపోతుంది. ఒక్కో బోల్టు పావు చుట్టు బిగించడం, బుడగ చూడడం. ఒకటి బిగిస్తే ఎదుటి కాలు దగ్గర బుడగ జరిగేది. మూడు ఉదయాలు పట్టింది.

ఆఖరున 80 మిల్లీమీటర్ల కడ్డీని హెడ్‌స్టాక్‌కు ఉన్న పట్టు, అంటే చక్‌లో పట్టి, అవతలి కొసను పట్టే టెయిల్‌స్టాక్ ఆసరా లేకుండా 300 మిల్లీమీటర్ల ఎడంలో రెండు చోట్ల సన్నని కోత పెట్టాం. తేడా 0.01 లోపే. తర్వాత ఆ షాఫ్టునే మళ్లీ ఎక్కించాను. నడుమ కొలిచి, మైక్రోమీటర్ మామయ్య చేతికిచ్చాను. ఆయన మూడు చోట్ల చూసి, "దించు" అన్నారు.