నెట్ మ్యాథ్స్ పార్ట్ సి: రూడిన్ పుస్తకాన్ని ఎలా వాడుకోవాలి

సీఎస్ఐఆర్ నెట్ (రీసెర్చ్ ఫెలోషిప్‌కీ, లెక్చరర్ అర్హతకీ పెట్టే జాతీయ పరీక్ష) మ్యాథ్స్‌లో నాకు జేఆర్ఎఫ్, అంటే ఆ రీసెర్చ్ ఫెలోషిప్, వచ్చింది. ఏ కోచింగ్, ఎవరి నోట్స్ అని అడుగుతున్నవాళ్లందరికీ కలిపి ఒకేసారి రాస్తున్నా. సిలబస్ మీకు తెలిసిందే కాబట్టి నేరుగా పార్ట్ సికి వస్తా. 200లో 95 మార్కులు అక్కడే ఉన్నాయి.

పార్ట్ సిలో నెగెటివ్ లేదని అందరూ సంబరపడతారు. కానీ ఒప్పు ఆప్షన్లు ఒకటి నుంచి నాలుగు దాకా ఎన్నైనా ఉండొచ్చు. అంటే టిక్కులు పెట్టే దారులు 15. గుడ్డిగా కొడితే ఒప్పువన్నీ సరిగ్గా పడి ఆ ప్రశ్నకున్న 4.75 మార్కులు దక్కే అవకాశం పదిహేనింట ఒక వంతు. అదే మూడు ఆప్షన్ల సంగతి ఖాయంగా తేల్చగలిగితే అవకాశం కనీసం సగం. (ఆ మూడూ తప్పని తేలితే నాలుగోది ఒప్పే, ఇక ఆలోచించేదేముంది!) కాబట్టి థీరమ్ స్టేట్‌మెంట్ కంఠతా వస్తే చాలదు. ఏ కండిషన్ తీసేస్తే ఎక్కడ కూలుతుందో తెలియాలి.

అది నేర్పేది వాల్టర్ రూడిన్ రాసిన రియల్ అనాలిసిస్ పుస్తకం ‘ప్రిన్సిపుల్స్ ఆఫ్ మ్యాథమెటికల్ అనాలిసిస్’, మనందరం బేబీ రూడిన్ అని పిలుచుకునేది. ఆయన 1921లో వియన్నాలో పుట్టారు. ఆస్ట్రియా హిట్లర్ చేతికి వెళ్లాక దేశం వదిలి, యుద్ధకాలంలో బ్రిటిష్ నేవీలో పనిచేసి, తర్వాత అమెరికా చేరారు. 1949లో డ్యూక్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ. ఎంఐటీలో మూర్ ఇన్‌స్ట్రక్టర్‌గా పాఠాలు చెబుతూ రాసిన ఈ పుస్తకం 1953లో వచ్చింది. 1959 నుంచి 1991లో రిటైరయ్యేదాకా విస్కాన్సిన్ యూనివర్సిటీలోనే ఉన్నారు. క్లాసులో చెప్పడానికి రాసింది కాబట్టే కాబోలు, వివరణ తక్కువ, బరువంతా ఉదాహరణల మీదా ఎక్సర్‌సైజుల మీదా ఉంటుంది. నెట్‌కి రూడిన్ దండగ అనేవాళ్లు ప్రూఫులు చదివి, ఉదాహరణలు దాటేసినవాళ్లే.

చాప్టర్ 7లో థీరమ్ 7.13 తీసుకోండి, మనం డీనీ థీరమ్ అనేది. ఎఫ్1, ఎఫ్2, ... ఎఫ్ఎన్ అని సాగే ఫంక్షన్ల వరుస ప్రతి పాయింటు దగ్గరా ఒక లిమిట్‌కి పోతోందనుకోండి. సెట్ కంపాక్ట్ (రియల్ లైన్ మీదైతే క్లోజ్డ్, బౌండెడ్) కావాలి, ప్రతి ఎఫ్ఎన్ కంటిన్యువస్ (ఎక్కడా తెగనిది) కావాలి, లిమిట్ కంటిన్యువస్ కావాలి, ఎన్ పెరిగేకొద్దీ ఏ పాయింటు దగ్గరా విలువ పెరగకూడదు. అప్పుడు కన్వర్జెన్స్ యూనిఫాం, అంటే సెట్ అంతటా ఒకేసారి లిమిట్‌కి దగ్గరవుతుంది. ఒక పేజీలో నాలుగు గళ్లు గీసి, గడికొక కండిషన్ తీసేయండి.

కంపాక్ట్ తీసేస్తే: ఓపెన్ ఇంటర్వెల్ (0, 1) మీద 1/(ఎన్ఎక్స్+1). రూడిన్ దీన్ని ఆ థీరమ్ కిందే ఇచ్చారు. సున్నాకి దిగుతూనే ఉంటుంది, కానీ ఎక్స్ = 1/ఎన్ దగ్గర విలువ ఎప్పుడూ సగమే. లిమిట్ కంటిన్యుటీ తీసేస్తే: [0, 1] మీద ఎక్స్ పవర్ ఎన్. ఎఫ్ఎన్‌ల కంటిన్యుటీ తీసేస్తే: (0, 1/ఎన్) మీద 1, మిగతా అంతటా 0. తగ్గాలన్న కండిషన్ తీసేస్తే: [0, 1] మీద ఎన్ఎక్స్ ఇంటూ (1−ఎక్స్²) పవర్ ఎన్. ప్రతి పాయింటు దగ్గరా సున్నాకే పోతుంది, ఇంటిగ్రల్ మాత్రం ఎన్/(2ఎన్+2), అంటే సగానికి పోతుంది. ముందున్న ఎన్‌ని ఎన్² చేస్తే ఇంటిగ్రల్ ఇన్ఫినిటీకే పోతుంది. లిమిట్‌ని ఇంటిగ్రల్ లోపలికి తోసే ఆప్షన్లను కొట్టేయడానికి ఈ చివరి గడి చాలా పనికొస్తుంది.

చాలామంది బోల్తా పడేది ఎక్కడంటే, ఎక్స్‌ని ఒకచోట ఫిక్స్ చేసి లిమిట్ చూస్తారు. అది పాయింట్‌వైజ్ అవుతుంది గానీ యూనిఫాం కాదు. ఎన్‌తోపాటు కదిలే ఎక్స్‌ని పట్టాలి. ముందు 1/ఎన్, 1/√ఎన్, 1−1/ఎన్ పెట్టి చూడండి. ఎక్స్ పవర్ ఎన్‌లో 1−1/ఎన్ పెడితే 1/ఈకి (దాదాపు 0.37) పోతుంది, సున్నాకి కాదు. ఒక్క లైన్‌లో ఆప్షన్ తేలిపోయింది.

రోజుకు ఇలాంటి పేజీ ఒక్కటి చాలు, కానీ రోజూ కావాలి. పద్నాలుగు గంటలు చదివామని స్టేటస్ పెట్టేవాళ్లను ఒక్క కౌంటర్ ఎగ్జాంపుల్ (పైన గళ్లలో రాసినలాంటిది) రాయమనండి, తెలుస్తుంది. ఇది గొప్పకి చెప్పడం లేదు, పేపర్ అడిగేదే అది.

మిగతావి త్వరగా చెప్పేస్తా. మూడో ఎడిషన్‌లో డెడెకిండ్ కట్స్ (రేషనల్ నంబర్ల నుంచి రియల్ నంబర్లను కట్టే పద్ధతి) చాప్టర్ 1 చివర అపెండిక్స్‌లో ఉన్నాయి, మొదటిసారి వదిలేయండి. 2, 3, 4, 7 చాప్టర్లు గట్టిగా చేయాలి. 9లో ఇన్వర్స్, ఇంప్లిసిట్ ఫంక్షన్ థీరమ్‌లు. 10 మనకు అక్కర్లేదు. 11లో లెబేగ్ ఇంటిగ్రేషన్. లీనియర్ ఆల్జీబ్రాకి వేరే పుస్తకం తప్పదు, గళ్ల పద్ధతి మాత్రం అదే.

పార్ట్ బిలో తప్పుకి 0.75 పోతుంది. ఒక ఆప్షన్ కొట్టేయగలిగినా పెట్టేయండి, సగటున అర మార్కు లాభం. పార్ట్ సిలో 20కి మించి పెడితే మొదటి 20 మాత్రమే దిద్దుతారు. చివర్లో మంచి ప్రశ్న దొరికితే ముందు పాతదాంట్లో ఒకటి క్లియర్ రెస్పాన్స్ బటన్ నొక్కి, ఆ తర్వాతే కొత్తది పెట్టండి.