నీలగిరి తొండ: ఆరు నెలల నోట్స్

జనవరి

ఊటీకి బదిలీ అయినప్పటి నుంచి నా ఆదివారాలన్నీ నీలగిరి తొండవే. శాస్త్రీయ నామం సాలియా హార్స్‌ఫీల్డీ. 1845లో బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త గ్రే దీన్ని తొలిసారి వర్ణించాడు. నీలగిరి, పళని కొండల ఎత్తుల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. మన పెరటి తొండలా దడదడా పరుగెత్తదు, కొమ్మను కరుచుకుని కదలకుండా ఉండిపోతుంది. అందుకే ఎదురుగా ఉన్నా కళ్లకు ఆనదు.

ఈ నెలలో తెల్లవారుజామున గడ్డి మీద మంచు గడ్డకడుతుంది. తొండకు ఒంట్లో వేడి పుట్టదు, ఎండ నుంచే తెచ్చుకోవాలి. కాబట్టి చీకటితో బయల్దేరి లాభం లేదు. పొద మీద ఎండ పడ్డాక, తూర్పు ముఖంగా ఉన్న కంచెల వెంట మెల్లగా నడవాలి. పొద లోపల కాదు, ఎండ తగిలే పైకొమ్మల్నే ముందు చూడండి. మబ్బు కమ్మితే ఇంటికి వచ్చేయడమే.

మార్చి

ఇప్పుడు ఆడా మగా తేడా తెలుస్తోంది. మగదానికి మెడ మీద, వీపు మీద ముళ్ల కుచ్చు ఎత్తుగా ఉంటుంది, ఆడదానికి చిన్నది. ఒళ్లు ఆకుపచ్చ, గోధుమ మచ్చలు, కంటి కింద నుంచి వెనక్కి తెల్లటి చార. తోక ఒంటికి రెట్టింపు కన్నా పొడవు. ఫొటో పక్క నుంచి తీస్తే కుచ్చు, చార రెండూ పడతాయి. 300 మి.మీ. లెన్స్‌తో రెండు మీటర్ల దూరం చాలు. చేత్తో పట్టుకోవద్దు, పొద కొమ్మల్ని కదపొద్దు.

జూన్

వానలు, జలగలు. ఈ నెల నడక తక్కువ, ఆలోచన ఎక్కువ. తొండలు నాకు ఎక్కువగా దొరికింది గోర్స్‌లో. పసుపు పూల ఈ ముళ్లపొద బ్రిటిష్‌వాళ్లు తెచ్చిన యూరప్ మొక్క. ఇక్కడి గడ్డిమైదానాల్ని మింగేస్తోంది, తీసేయాల్సిందే. కానీ ఆ ముళ్ల మధ్యకు కాకి ముక్కు చొరబడదు. ఒక్కసారిగా అంతా నరికితే తొండకు నీడా ఉండదు, దాక్కునే చోటూ ఉండదు. కొంచెం కొంచెంగా తీస్తూ, ఖాళీ అయిన చోట స్థానిక పొదలు నాటాలని నా గట్టి అభిప్రాయం. అందుకే ఇకపై ప్రతి ఫొటో పక్కన పొద పేరు, ఎత్తు కూడా రాస్తున్నాను.

తర్వాత కొడైకెనాల్. అక్కడ దీని చుట్టం సాలియా అనమల్లయానా కూడా ఉంది. అదే లెన్స్, అదే ఎండవేళ.